లోపం రాశారు సరే, దిద్దించేదెవరు?
అణు ప్రమాద సన్నద్ధతలో చివరి ఇంటి లెక్క

వేమూరు చుట్టుపక్కల అణు విద్యుత్ కేంద్రం లేదు. కానీ ఆపద వచ్చినప్పుడు కబురు ముందు ఎవరికి అందుతుందో, ఎవరికి అందదో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది, రేపల్లె, బాపట్ల తీరాన్నీ దెబ్బతీసింది. వేల మంది చనిపోయారు. సముద్రం ఒడ్డున గుడిసెల్లో బతికేవాళ్లకు రాబోయేది ఎంత పెద్దదో తెలియలేదు. తెలిసినవాళ్లకు కూడా ఎక్కి నిలబడటానికి గట్టి కట్టడం లేదు. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి మృతుల సంఖ్య వెయ్యిలోపు. ఆ వెయ్యి కూడా తక్కువేమీ కాదు. కానీ ఆ పదమూడేళ్లలో తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపరిచారు, జనాన్ని ముందే పెద్ద ఎత్తున తరలించారు. గాలి బలం తగ్గలేదు, మన ఏర్పాట్లలోని లోపాలు కొంత తగ్గాయి.

అణు విద్యుత్ విషయంలోనూ అడగాల్సింది ఇదే. లోపం ఉందని ఎవరు చెప్పారు? దాన్ని ఎవరు దిద్దాలి? దిద్దకపోతే ఏమవుతుంది?

ఈ ప్రశ్న ఆంధ్ర తీరానికి దూరమైనదేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు పెట్టడానికి కేంద్రం సూత్రప్రాయంగా అనుమతించింది. అక్కడి మత్స్యకారులు, రైతులు, కూలీలు ఏళ్ల తరబడి భూమి, పునరావాసం, భద్రత గురించి అడుగుతూనే ఉన్నారు. దక్షిణాన తమిళనాడులో కల్పాక్కం, కూడంకుళం కేంద్రాలు ఎప్పటినుంచో నడుస్తున్నాయి. ప్రమాదం జరిగితే కేంద్రం గోడ బయట జనాన్ని కాపాడే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది, జిల్లా కలెక్టరుది. అందుకే శాసనసభలో కూర్చునే ప్రతి ప్రతినిధికీ ఇందులో పని ఉంది. ఎస్సీ రిజర్వుడు స్థానమైన వేమూరు ప్రతినిధికి మరీ ఎక్కువ ఉంది.

రియాక్టర్ ఆపితే వేడి ఆగదు

బొగ్గు పొయ్యిని ఆర్పేస్తే కాసేపటికి చల్లారుతుంది. అణు రియాక్టర్ అలా చల్లారదు. గొలుసుకట్టు చర్యను ఆపేసిన క్షణంలో కూడా ఇంధనంలో పూర్తి వేడిలో ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. కొవ్వాడలో పెడతామంటున్న తరహా రియాక్టర్ ఒక్కదానిలో అది 200 మెగావాట్లకు పైమాటే. గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది కానీ రోజుల తరబడి చల్లబరుస్తూనే ఉండాలి. చల్లబరచలేకపోతే ఇంధనం కరిగి రేడియోధార్మిక పదార్థాలు బయటపడతాయి.

ఇది ఊహ కాదు. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు సక్రమంగానే ఆగిపోయాయి. తర్వాత సునామీ డీజిల్ జనరేటర్లను ముంచేసింది. కరెంటు లేక, చల్లబరిచే దారి లేక మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. మన దేశంలో 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ బ్లేడు విరిగి మంటలు లేచాయి. 17 గంటలపాటు కేంద్రం మొత్తం కరెంటు లేకుండా ఉండిపోయింది. సిబ్బంది తెగువతో, డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో రియాక్టర్‌ను చల్లబరిచారు. రేడియోధార్మికత బయటికి రాలేదు. కానీ ప్రమాదం ఎంత దగ్గరికి వచ్చి ఆగిందో ఆ 17 గంటలు చెబుతాయి.

మూడు మెట్లు, రెండు చేతులు

మన దేశంలో అణు కేంద్రాల అత్యవసర పరిస్థితిని మూడు మెట్లుగా చూస్తారు. కేంద్రంలోని ఒక భాగానికే పరిమితమైతే ప్లాంట్ ఎమర్జెన్సీ. 2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రపార్‌లో భారజలం లీకైనప్పుడు ప్రకటించింది ఇదే. ఆవరణ మొత్తానికి పాకితే సైట్ ఎమర్జెన్సీ. గోడ దాటి జనావాసాలకు వస్తే ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ. మొదటి రెండింటినీ కేంద్రం యాజమాన్యం చూసుకోవాలి. మూడోది కలెక్టరు చేతిలోకి వస్తుంది. పోలీసు, ఆరోగ్య శాఖ, రెవెన్యూ, ఆర్టీసీ, పశుసంవర్ధక శాఖ అన్నీ ఆయన కింద కదలాలి.

ఆఫ్‌సైట్ ప్రణాళిక పరిధి 16 కిలోమీటర్లు. ఈ దూరం ఎంతో తెలియాలంటే ఊరికే లెక్క కోసం వేమూరు సెంటర్‌ను మధ్యలో పెట్టి మ్యాపు మీద గీత గీసి చూడండి. కొల్లూరు, భట్టిప్రోలు, అమృతలూరు, చివరికి తెనాలి పట్టణం కూడా ఆ గీత లోపలికి వస్తాయి. లంక గ్రామాలు, పొలం గట్ల మీది పల్లెలు, ఇటుక బట్టీలు, హాస్టళ్లు, ఆస్పత్రులు అన్నీ లోపలే. ఇంత మందికి కొద్ది గంటల్లో కబురు చేరాలి, మాత్ర అందాలి, అవసరమైతే బస్సు రావాలి. ఇదంతా కాగితం మీద రాసుకోవడం తేలికే. పని చేస్తుందో లేదో తెలిసేది మాక్ డ్రిల్‌లోనే. ఆఫ్‌సైట్ డ్రిల్ రెండేళ్లకోసారి జరగాలని నియమం. డ్రిల్‌లో లోపాలు బయటపడటం తప్పేమీ కాదు, డ్రిల్ చేసేదే అందుకు. బయటపడిన లోపం తర్వాతి డ్రిల్ నాటికి అక్కడే ఉంటే తప్పు.

కాగ్ పట్టుకున్న అసలు లోపం

2012 ఆగస్టులో కాగ్ నివేదిక ఒకటి పార్లమెంటు ముందుకు వచ్చింది. అణు ఇంధన నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, ఎలా పనిచేస్తోందో అందులో తనిఖీ చేశారు. అత్యవసర సన్నద్ధత గురించి కాగ్ చెప్పిన మాటలు సూటిగా ఉన్నాయి. కేంద్రం లోపల జరిగే డ్రిల్స్‌ను యాజమాన్యమే జరిపి నివేదిక పంపుతోంది. ఏఈఆర్‌బీ ఆ నివేదికలు చూస్తోంది తప్ప పరిశీలకురాలిగా కూడా అక్కడ ఉండటం లేదు. బయట జరిపిన డ్రిల్స్ సన్నద్ధత చాలదని తేల్చాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి మాట: తాను సూచించిన దిద్దుబాట్లను అమలు చేయించే అధికారం ఏఈఆర్‌బీకి లేదు.

అంటే లోపాన్ని చూసే కన్ను ఉంది, రాసే కలం ఉంది, దిద్దించే చెయ్యి లేదు. 1983 నవంబరులో ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టిన ఈ మండలికి అప్పటికి సొంత చట్టం లేదు. నిబంధనలు ఉల్లంఘిస్తే వేయగల గరిష్ఠ జరిమానా 500 రూపాయలని కూడా కాగ్ ఎత్తిచూపింది. 2013 డిసెంబరులో పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం కూడా ఈ మండలి పనితీరును తప్పుపట్టింది. స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం 2011లో లోక్‌సభలో పెట్టిన బిల్లు 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది, అదే చేత్తో అణు విద్యుత్‌లోకి ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. హోదా వచ్చిందని సంతోషించే ముందు ఒక్కటి చూడాలి. లోపం దిద్దని కేంద్రాన్ని ఆ హోదాతో ఎప్పుడైనా ఆపుతారా?

ఈ మధ్యలో కూడంకుళం కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇడింతకరై మత్స్యకారుల ఊరు కేంద్రంగా సాగిన ఉద్యమం ఆ ప్రశ్నను దేశం ముందు పెట్టింది. అక్కడి ఆఫ్‌సైట్ డ్రిల్ 2012 జూన్ 9న నక్కనేరి అనే చిన్న ఊరిలో జరిగింది. 2013 మే 6న కోర్టు కేంద్రాన్ని నడపడానికి అనుమతిస్తూనే 15 ఆదేశాలు ఇచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలను పాటించాలని, స్థానిక అధికారులతో కలిసి లోపలా బయటా క్రమం తప్పకుండా డ్రిల్స్ జరపాలని అందులో ఉంది. ప్రజలు పోరాడితే తప్ప ఆ మాట తీర్పులోకి ఎక్కలేదు. కోర్టు ఆదేశం కూడా అడిగేవాళ్లు ఉన్నంతకాలమే బతుకుతుంది.

గడువు ఉంటే దిద్దుబాటు ఉంటుంది

లోపాన్ని దిద్దించడం అసాధ్యమేమీ కాదు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో ప్రమాదం జరిగినప్పుడు ఎవరిని తరలించాలో, ఎవరు చెప్పాలో తెలియక గందరగోళమైంది. ఆ మరుసటి ఏడాదే అక్కడ నిబంధనలు మార్చారు. అత్యవసర సన్నద్ధత జనాన్ని కాపాడేలా లేదని నియంత్రణ సంస్థ తేల్చాక, నాలుగు నెలల్లో లోపాలు దిద్దకపోతే రియాక్టర్‌ను మూసేయాలా వద్దా అన్నది ఆ సంస్థ నిర్ణయించాలి. గడువుంది, గడువు దాటితే ఫలితముంది.

న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో షోర్‌హామ్ కేంద్రం కథ ఇంకా స్పష్టం. 1983లో అక్కడి స్థానిక ప్రభుత్వం ఒక మాట తేల్చి చెప్పింది: ఈ దీవి నుంచి ఇంత మందిని సురక్షితంగా బయటికి పంపడం సాధ్యం కాదు. వందల కోట్ల డాలర్లు పోసి కట్టిన కేంద్రం వాణిజ్యపరంగా ఒక్కరోజు కూడా నడవలేదు, 1989లో దాన్ని మూసేయడానికి ఒప్పందం కుదిరింది. జిల్లా స్థాయి సంస్థ ‘మా వల్ల కాదు’ అని నిజం చెప్పగలిగితే ఆ మాటకు విలువ ఉంటుంది. మన దగ్గర ఏ కలెక్టరైనా అలా రాయగలరా? రాస్తే వినేవాళ్లున్నారా?

మోగని సైరన్

దూరదేశాల దాకా ఎందుకు, విశాఖ చూద్దాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. అది అణు కేంద్రం కాదు, రసాయన కర్మాగారం. కానీ సన్నద్ధత పాఠం ఒక్కటే. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్రం వేసిన హైపవర్ కమిటీ తేల్చిందేమిటంటే, కర్మాగారంలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటు ఉంది. ఒక్కటీ మోగించలేదు. జనం ఊపిరాడక లేచి, ఎటు పరుగెత్తాలో తెలియక పరుగెత్తారు, దారిలోనే పడిపోయారు.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలు చుట్టుపక్కల జనానికి సమాచారం చెప్పి తీరాలన్నారు. 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు వచ్చాయి. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ఇన్ని ఉండి కూడా ఒక మీట నొక్కే మనిషి లేకపోయాడు.

చివరి ఇంటి నుంచి చూస్తే

అణు ప్రమాదంలో జనాన్ని కాపాడే పనులు ప్రధానంగా నాలుగు. ఒక్కొక్కటీ మన పల్లెకు వచ్చేసరికి ఏమవుతుందో చూడాలి.

మొదటిది, ఇంట్లోనే ఉండి తలుపులు, కిటికీలు మూసుకోవడం. గాలిలో వచ్చే రేడియోధార్మిక ధూళి నుంచి గోడ, స్లాబు కొంత కాపాడతాయి. తాటాకు కప్పు, రేకుల షెడ్డు, సందులున్న తడిక ఆ పని చేయవు. ‘ఇంట్లో ఉండండి’ అన్న ఒకే ఆదేశం మేడలో ఉన్నవారికి రక్షణ, పూరింట్లో ఉన్నవారికి వట్టి మాట. ప్రణాళికలో ఊరికి ఎన్ని పక్కా ఇళ్లున్నాయో, పక్కా ఇల్లు లేనివారు ఏ కట్టడంలోకి వెళ్లాలో పేరుతో సహా రాయాలి. ఆ కట్టడం గుడి మండపమో, పెద్దల కల్యాణ మండపమో అయితే దళితులను లోపలికి రానిస్తారా అన్నది ముందే తేల్చాలి. 2004 సునామీ తర్వాత నాగపట్నం ప్రాంతంలో దళితులను ఉమ్మడి సహాయ శిబిరాల నుంచి, నీళ్ల ట్యాంకుల దగ్గర నుంచి దూరం పెట్టిన ఘటనలను మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. సముద్రం కులం చూడలేదు, శిబిరం చూసింది.

రెండోది, అయోడిన్ మాత్ర. ప్రమాదంలో వెలువడే రేడియోధార్మిక అయోడిన్ మెడలోని థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. పిల్లలకు ముప్పు ఎక్కువ. మంచి అయోడిన్ ముందే గ్రంథిలో నిండి ఉంటే చెడ్డదానికి చోటుండదు. కానీ మాత్ర ఆ గాలి రాకముందు, లేదా వచ్చిన కొద్ది గంటల్లోపే వేసుకోవాలి. మండల కేంద్రంలో స్టోర్‌రూమ్‌కు తాళం వేసి ఉంటే అది లేనట్టే. ఫుకుషిమాలో చాలా ఊళ్లకు ఆదేశం సమయానికి రాలేదు. మిహారు అనే పట్టణం పైవాళ్ల ఆదేశం కోసం చూడకుండా 2011 మార్చి 15న సొంత నిర్ణయంతో పంచింది. మన దగ్గర ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ చేతిలో మాత్రలు, ఎవరికి ఎంత వేయాలన్న కాగితం, వేయమని చెప్పే అధికారం ఉండాలి.

మూడోది, తరలింపు. బస్సు రోడ్డు మీదికి వస్తుంది, పల్లెలోకి రాదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు మండలాల లంకల వాళ్లకు నీళ్లు చుట్టుముట్టాక బయటపడటం ఎంత కష్టమో మళ్లీ తెలిసింది. వరద కంటికి కనిపిస్తుంది, కరకట్ట మీద నిలబడి చూడొచ్చు. రేడియేషన్‌కు రంగు లేదు, వాసన లేదు. చెప్పేవాళ్లు చెప్పాలి, నమ్మేలా చెప్పాలి. తరలింపు సరిగా చేయకపోతే అదే ప్రాణం తీస్తుంది. ఫుకుషిమా దగ్గరి ఫుతాబా ఆస్పత్రి నుంచి ఆలస్యంగా, వైద్యం లేకుండా తరలించిన రోగుల్లో 40 మందికి పైగా చనిపోయారు. మంచం పట్టిన ముసలివాళ్లు, బాలింతలు, వికలాంగులు ఏ ఇంట్లో ఉన్నారో జాబితా లేకుండా తరలింపు ప్రణాళిక ఉన్నా లేనట్టే. పనికోసం వచ్చి బట్టీల దగ్గర, చేల దగ్గర గుడారాల్లో ఉండే వలస కూలీలు ఓటర్ల జాబితాలోనూ ఉండరు, రేషన్ జాబితాలోనూ ఉండరు. వాళ్ల లెక్క వేరే తీయాలి.

నాలుగోది, పాలు, కూరగాయలు, చేపలు, నీళ్ల మీద నిషేధం. రేడియోధార్మిక అయోడిన్ గడ్డి ద్వారా పాలలోకి వస్తుంది. అది ఎనిమిది రోజులకు సగమవుతుంది కాబట్టి కొన్ని వారాలు ఆ పాలు తాగకుండా ఉండటం మంచి రక్షణ. కానీ ఒక్క గేదె మీద బతికే ఇంటికి, ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే ఇంటికి ఆ వారాలు ఎలా గడుస్తాయి? పొలం ఉన్నవారికి నష్టపరిహారం పట్టా చూసి ఇస్తారు. ఆ పొలంలో నాటు వేసేవాళ్లకు పట్టా లేదు, చాలామంది కౌలుదారులకు కార్డు కూడా లేదు. కూలి నష్టాన్ని పరిహారంలో మొదటే రాయకపోతే తర్వాత ఎవరూ రాయరు.

అడగాల్సినవి

చట్టంలో పట్టు లేకపోలేదు. విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ బాధితులకు సహాయం, పరిహారం ఇచ్చేటప్పుడు కులం, లింగం, మతం వంటి వాటి ఆధారంగా వివక్ష కూడదని చెబుతుంది. అదే చట్టం ప్రతి జిల్లాకూ ప్రణాళిక ఉండాలంటుంది, జిల్లా సంస్థకు కలెక్టరునే అధ్యక్షుణ్ని చేసింది. అణు ప్రమాదాలపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. భద్రతా రహస్యం పేరుతో రియాక్టర్ లోపలి బొమ్మలు ఇవ్వకపోవచ్చు. కానీ మన ఊరికి బస్సు ఎక్కడికి వస్తుందన్నది రహస్యం కాదు.

కాబట్టి కొవ్వాడలోనైనా, మరెక్కడైనా మొదటి కాంక్రీటు పోయకముందే కొన్ని ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా రావాలి. ఆఫ్‌సైట్ ప్రణాళిక తెలుగులో గ్రామసభ ముందు పెట్టారా? డ్రిల్ ఊరి సెంటర్ నుంచి కాకుండా మాలపల్లె, మాదిగపల్లె, యానాది కాలనీ, మత్స్యకార పేట నుంచి మొదలవుతుందా? డ్రిల్‌లో తేలిన లోపాల జాబితా ఎక్కడ అతికిస్తారు? ఒక్కో లోపం పక్కన దిద్దాల్సిన అధికారి హోదా, గడువు తేదీ ఉన్నాయా? గడువు దాటితే రియాక్టర్ ఉత్పత్తి ఆగుతుందా? డ్రిల్‌ను చూసేవాళ్లలో ఊరి దళిత మహిళలు, కూలి సంఘాలు ఉన్నాయా, లేక అధికారులే జరిపి అధికారులే మార్కులు వేసుకుంటారా?

ఇవి అణుశాస్త్రం చదివితేనే అడగగల ప్రశ్నలు కావు. వేమూరు నియోజకవర్గంలోని చుండూరు ఇందుకు సాక్ష్యం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు అత్యాచారాల నిరోధక చట్టం అప్పటికే ఉంది. చట్టం ఉండటం వేరు, అది పల్లె దాకా రావడం వేరు అని తెలిసినవాళ్లు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో అక్కడే శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ బాధ వేరు, ఈ ప్రమాదం వేరు. కానీ రెండు చోట్లా కనిపించేది ఒక్కటే: పైన రాసిన రక్షణ కింది దాకా దానంతట అది దిగిరాదు. అడిగి దింపించుకోవాలి, దిగాక కూడా జారిపోకుండా కాపు కాయాలి.

సన్నద్ధత ఉందో లేదో కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సైరన్ మోగిన తర్వాత చివరి పల్లెలో చివరి ఇంట్లో ఉన్న ముసలమ్మకు కబురు ఎన్ని నిమిషాల్లో చేరింది, మాత్ర ఎవరు ఇచ్చారు, ఆమెను బండి ఎవరు ఎక్కించారు అని చూస్తే చాలు. ఆ మూడు జవాబులూ లేని ప్రణాళికకు ఏ అధికారీ సంతకం పెట్టకూడదు.